కప్పు కింద ఉన్నవాళ్ళు

పోయిన వారం పొద్దున్నే మా ఇంట్లో కుటుంబ ప్రార్థన జరుగుతుండగా కాలింగ్ బెల్ మోగింది. తిరుపతిలో మూడో అంతస్తు ఇల్లు మాది. లిఫ్టు ఉంది కానీ పనిచేయాలని దానికి బుద్ధి పుట్టాలి. గ్యాస్ బండ తెచ్చినాయన మెట్లెక్కి వచ్చి తలుపు బయట రొప్పుతున్నాడు, లోపలికి వినబడుతోంది. ప్రార్థన చేస్తున్నది నేను. కోడలు లేవబోయి, మధ్యలో లేస్తే బాగుండదని మళ్ళీ కూర్చుంది. గబగబా ముగించాల్సిందిపోయి నేను, "గడప బయట బరువు మోసుకొని నిలబడిన ఆ బిడ్డను కూడా జ్ఞాపకం చేసుకో ప్రభువా, ఆయన నడుముకు బలమియ్యి" అని అడిగి, ఆ తర్వాతే ఆమేన్ అన్నాను. బండ లోపల పెట్టించి, ఆయనకు మజ్జిగ ఇచ్చి పంపాక కోడలు నవ్వింది. "నడుము సంగతి సరే అత్తయ్యా, మీరు కళ్ళు తెరుచుకొని ప్రార్థన చేస్తారెందుకు? అదీ తలుపు వైపు చూస్తూ?" అని అడిగింది. కాపురానికి వచ్చి రెండేళ్ళయినా అడగకుండా దాచుకున్న ప్రశ్న అది.

కళ్ళు మూసుకొమ్మని నాకూ చిన్నప్పుడు మొట్టికాయలు వేసి మరీ నేర్పించారు. కానీ ఒక వానాకాలం పొద్దున తర్వాత ఆ అలవాటు పోయింది. నేను పిరికిదాన్నని మా ఇంట్లో అందరికీ తెలుసు. తెలియని నంబరు నుంచి ఫోనొస్తే ఎత్తను. బల్లి గోడ మీద ఉంటే ఆ గదిలో దీపం వేయను, వేస్తే అది కనిపిస్తుందని. ఇక ఖాకీ చొక్కా చూస్తే, అది బస్సు కండక్టరుదైనా సరే, నా అరచేతులు చెమట పడతాయి. ఇవన్నీ పుట్టుకతో వచ్చిన భయాలు. ప్రార్థనలో తలుపు వైపు చూడడం మాత్రం మా పెద్దమ్మ ఇంట్లో వచ్చింది.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. చంద్రగిరి దాటి కొండ వైపు తిరిగితే వచ్చే చిన్న పల్లెలో ఆఖరి ఇల్లు ఆమెది. ఊరికీ ఆ ఇంటికీ మధ్య ఒక వంక ఉంది. పెద్ద వాన పడితే వంక పారుతుంది, అప్పుడు ఆ ఇంటికి ఎవరూ రాలేరు, ఆ ఇంట్లోంచి ఎవరూ పోలేరు. ఇంటి వెనక చెనిక్కాయల చేను, దాని వెనక కొండ. పెంకుటిల్లు చిన్నదే గానీ పెద్దనాయన దాని కప్పును ముందుకు సాగదీసి తిన్నె వేయించాడు, వెనక్కి సాగదీసి మేకల కొట్టం కట్టించాడు. పిల్లలు లేని ఇంటికి ఇంత కప్పు ఎందుకని ఊరివాళ్ళు నవ్వేవాళ్ళట. పెద్దనాయన పోయాక పెద్దమ్మ, ఆరేడు మేకలు ఆ కప్పు కింద మిగిలారు.

ఆమె మిషన్ హాస్టల్లో వంటమనిషిగా చేసి రిటైరైంది. జీవితమంతా వందల మందికి వండిన చెయ్యి కాబట్టి కొలత తప్పుతుందని అందరం అనుకునేవాళ్ళం, ఎందుకంటే ఏ పూటా ఆమె లెక్కకు సరిగ్గా వండదు, ఒక సంగటి ముద్ద ఎక్కువే చేస్తుంది. దాన్ని కంచంలో పెట్టి, పక్కన కొంచెం ఊరిబిండి పచ్చడి వేసి, మూతపెట్టి గూట్లో ఉంచుతుంది. ఎవరికని అడిగితే "వచ్చేవాళ్ళకి" అంటుంది. దారి తప్పి వచ్చిన వాళ్ళు, మేకలు కాసేవాళ్ళు, కరెంటు స్తంభం ఎక్కడానికి వచ్చినాయన, అందరూ ఆ ముద్ద తిన్నవాళ్ళే. ఎవరూ రాకపోతే పొద్దున్నే మజ్జిగలో పిసుక్కొని తనే తాగేసేది. వచ్చినవాళ్ళకు దేవుడి గురించి చెప్పగా నేనెప్పుడూ వినలేదు. కారం చాలిందా అని మాత్రం అడిగేది.

దేవుడితో మాట్లాడేటప్పుడు మాత్రం ఆమెకు గొంతు పెద్దది. ప్రార్థన ఎప్పుడూ దూరం నుంచి దగ్గరికి వచ్చేది. ముందు దేశాన్ని ఏలేవాళ్ళు, తర్వాత వానలు, పంటలు, సంఘం, జబ్బుపడ్డవాళ్ళు, చుట్టాలు, ఆఖరున "ఈ కప్పు కింద ఉన్నవాళ్ళు". దేశం దగ్గర ఉన్నంతసేపు అచ్చమైన చర్చి భాష, "మహోన్నతుడవైన ప్రభువా" అని మొదలవుతుంది. చుట్టాల దగ్గరికి వచ్చేసరికి మా చిత్తూరు యాసలోకి దిగిపోతుంది. కప్పు కింద ఉన్నవాళ్ళను ఒక్కరినీ వదలదు. మేకల్ని కూడా. ఒకసారి ఇంట్లో పిల్లి ఈనితే వారం రోజులు మా ప్రార్థన పావుగంట పెరిగింది.

ఆమె కంటికి శుక్లాల ఆపరేషన్ అయిన ఏడు, చుక్కల మందు వేయడానికి నేను వెళ్ళి ఆమె దగ్గరున్నాను. ఒక కంటి మీద పచ్చగుడ్డ, రెండో కంట్లోనూ శుక్లమే, అదీ మసక. ఆ రోజు మధ్యాహ్నం నుంచి వాన ముసురు పట్టింది. సాయంత్రం కాకుండానే మేకలు తిరిగొచ్చాయి కానీ కొట్టంలోకి పోవు. గుమ్మం దగ్గర గుంపుగా నిలబడి అరుస్తున్నాయి. పాము చేరిందేమో అనుకొని నేను పొడుగాటి కర్ర తీసుకొని, చాలా దూరం నుంచి, లోపలికి తొంగి చూశాను. పాము కాదు. కసువు గడ్డి మీద మనిషి కాలు కనబడింది. మోకాలి కింద నుంచి వాచిపోయి, చీలమండ దగ్గర పెద్ద గాయంతో, బురదతో ఉన్న కాలు.

కాలికి పైన ముప్పై ఏళ్ళ మనిషి ఉన్నాడు. కళ్ళు జ్వరంతో ఎర్రగా ఉన్నాయి. నన్ను చూసి నాకంటే ఎక్కువ భయపడ్డాడు. రెండు చేతులూ జోడించి, "తన్ని... అమ్మా, తన్ని" అని నీళ్ళడిగాడు. అరవ మాట వినగానే నాకు విషయం అర్థమైంది. ఎర్రచందనం నరకడానికి కొండెక్కించిన కూలీల్లో ఒకడు. పోలీసులు కొండలో గాలిస్తున్నారని ఊళ్ళో అప్పటికే చెప్పుకుంటున్నారు. ఇలాంటివాళ్ళను ఇంట్లో పెట్టుకుంటే ఇంటివాళ్ళ మీద కూడా కేసవుతుందని, జైలుకు తీసుకుపోతారని, తలా ఒక కథ చెప్పేవాళ్ళు. అవి నిజమో కాదో నాకు తెలియదు. అన్నీ నమ్మడం మాత్రం నాకు అలవాటు.

పరుగెత్తుకెళ్ళి పెద్దమ్మకు చెప్పాను. ఆమె కంటి గుడ్డ సర్దుకొని, "ఆకలిగా ఉండాడా?" అని అడిగింది.

"పెద్దమ్మా, దొంగ వాడు! ఎర్రచందనం దొంగ!"

"అది నాకూ తెలస్తా ఉండాది. ముందు బువ్వ తిననీ. దొంగతనం సంగతి తర్వాత అడగచ్చు. ప్రభువు పక్కన సిలువమీద ఏలాడింది ఎవురు? జడ్జీనా?"

గూట్లో కంచం తీసి, గోడ పట్టుకుంటూ కొట్టంలోకి ఆమే వెళ్ళింది. హాస్టల్ రోజుల్లో నేర్చుకున్న అరవం కొంత, మన మాట కొంత కలిపి మాట్లాడింది. వాళ్ళ ఊరు ఎక్కడో తమిళ కొండల్లో ఉందట. మేస్త్రీ ఒకడు మంచి కూలి అని చెప్పి లారీలో తీసుకొచ్చాడు, కొండెక్కాక గాని పని ఏమిటో తెలియలేదు అన్నాడు. నిజమో అబద్ధమో, పెద్దమ్మ అడగలేదు. అందరూ పరుగెత్తినప్పుడు బండ మీంచి జారి పడ్డాడు. మిగతావాళ్ళు వదిలేసి పోయారు. అప్పటి నుంచి వాననీళ్ళు తాగుతూ పాకుతూ దిగివచ్చాడు. నేను ఫోను తీసి అంబులెన్స్‌కి చేద్దామంటే నా చీర కుచ్చిళ్ళు పట్టుకున్నాడు. "పోలీస్ వేండాం అమ్మా, వేండాం" అని ఒకటే మాట. ఎలాగూ వంక పారుతోంది, అంబులెన్స్ వచ్చినా అవతలే నిలబడాలి.

"తెల్లారితే వంక తగ్గుతాది. మనమే ఆటోలో పెద్దాసుపత్రికి తీసకపోదాం. ఆడ డాక్టర్లు సూస్తారు, పోలీసోళ్ళకు కూడా మనమే సెప్దాం" అంది పెద్దమ్మ, వేణ్ణీళ్ళతో అతని గాయం కడుగుతూ. కన్ను కనబడదు కాబట్టి వేళ్ళతో తడుముకుంటూ కడిగింది. అతను పళ్ళు బిగించి, మధ్యలో ఒకసారి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆమె ఊదుతూ, "అయిపోయింది సామీ, అయిపోయింది" అంటోంది.

నా బుర్రలో ఒకటే తిరుగుతోంది. మనం చెప్పకముందే వాళ్ళు వస్తే? అప్పుడు మనం ఆసుపత్రికి తీసుకుపోవాలనుకున్నవాళ్ళం కాము, దాచిపెట్టినవాళ్ళం అవుతాం. కంటికి పచ్చగుడ్డ కట్టుకున్న మా పెద్దమ్మను జీపులో ఎక్కించడం నాకు కళ్ళకు కట్టింది. మందు చుక్కలు ఎవరు వేస్తారు, పథ్యం ఎవరు చూస్తారు, ఆ చలి గచ్చు మీద ఆమె ఎలా పడుకుంటుంది, ఇవన్నీ వరసగా గుర్తొచ్చాయి. అంతకంటే పెద్ద భయం ఇంకోటి ఉంది. మా పెద్దమ్మకు అబద్ధం చెప్పడం రాదు. చెప్పకూడదని కాదు, నిజంగానే రాదు. "కొత్తవాళ్ళు ఎవరైనా వచ్చారా" అని ఎవరైనా అడిగితే, వచ్చాడని చెప్పి, ఏం తిన్నాడో కూడా చెబుతుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టిందని చెబితే అది నేను చెప్పే అబద్ధం.

తెల్లవారింది. వాన తుంపరగా మారింది. ఊళ్ళో ఆటో ఆయనకు ఫోను చేస్తే వంకలో నీళ్ళు మోకాలి లోతుకు దిగాక వస్తానన్నాడు. పెద్దమ్మ మొహం కడుక్కొని, కొట్టంలో అతనికి గంజి తాగించి వచ్చి, ముందుగదిలో చాపమీద ప్రార్థనకు కూర్చుంది. నేను తిన్నె ఊడుస్తున్నాను. తలెత్తేసరికి వంకలోంచి ఒక మనిషి నడిచి వస్తున్నాడు. ప్యాంటు మడిచి, బూట్లు చేత్తో పట్టుకొని వస్తున్నాడు. ఖాకీ ప్యాంటు.

నా చేతిలో చీపురు జారిపోయింది. ఆయన దగ్గరికొచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి, నుదుటి మీద నామం వానకు కరిగి ముక్కు మీదికి జారింది. "అక్కా, ఈ పక్క కొత్త మనిషి ఎవురైనా కనబడినాడా? కాలు దెబ్బ తగిలినోడు ఒగడు కొండ దిగినాడంట" అన్నాడు. నోటికి వచ్చిన మాట ఒకటే. "పెద్దమ్మ ప్రార్థనలో ఉంది. అయ్యాక మాట్లాడండి. చాలాసేపు పడుతుంది." చాలాసేపు అంటే విసుక్కొని పోతాడనుకున్నాను. ఆయన పోలేదు. "దేవుని కాడ కూర్చున్యారా? కానీలే అక్కా, కానీ. నాకూ కాళ్ళు నొస్తా ఉండాయి" అని, బూట్లు కింద పెట్టి, టోపీ తీసి మోకాలి మీద పెట్టుకొని, తిన్నెమీద గోడకు చేరగిలబడ్డాడు. ఆ గోడకు అవతలే మా చాప. తలుపు తీసే ఉంది.

నేను లోపలికి వెళ్ళి పెద్దమ్మ చెవిలో "తిన్నె మీద పోలీసాయన" అన్నాను. ఆమె తలూపి, కళ్ళు మూసుకొని, "మహోన్నతుడవైన ప్రభువా" అని మొదలుపెట్టింది. దేశం, రాజ్యాలు, ఏలేవాళ్ళు. నాకు అప్పుడు వెలిగింది. ఈ ప్రార్థన ఎక్కడికి వచ్చి ఆగుతుందో నాకు తెలుసు! నేను కళ్ళు తెరిచాను. తలుపులోంచి ఆయన మోచెయ్యి కనబడుతోంది. పెద్దమ్మ వానలకొచ్చింది, చెరువులకొచ్చింది. "ఆమేన్" అన్నాను గట్టిగా, ముగిసిపోయినట్టు. ఆమె ఆగలేదు. సంఘం, పాస్టరు గారి పిల్లల చదువులు, జబ్బుపడ్డవాళ్ళు. నగరిలో మగ్గం నేసే మా చిన్నమ్మ మోకాళ్ళు. "ఆమేన్, ఆమేన్" అన్నాను. "ఉండుమే, ఇంగా అయిపోలా" అని నన్ను కసిరి, చుట్టాల్లోకి దిగింది. ఒక్కొక్క పేరూ ఒక్కొక్క అడుగు ఇంటి వైపు వేస్తోంది. ఆమె మోకాలు గిల్లాను. ఆమె నా చెయ్యి పట్టుకొని తన ఒళ్ళో పెట్టుకుంది, నేను భయపడుతున్నానని.

"ఈ కప్పు కింద ఉండే బిడ్డల్ని సూడు ప్రభువా. ఇదో, మా అమ్మణ్ణి. దీనికి భయం ఎక్కువ, రవంత తగ్గించు. మేకలు వానకు తడిసినాయి, వాటికి జలుబు సెయ్యకుండా సూడు. కొట్టంలో కాలు వాసి పండుకోనుండే అరవ బిడ్డను సూడు. వానికి యాడో తల్లి ఉంటాది. జ్వరం దించు. ఆసుపత్రికి తీసకపోతాము, దావలో ఎవురూ వాన్ని కొట్టకుండా సూడు." తలుపులో ఆ మోచెయ్యి కదిలింది. "మన తిన్నెమీద ఒగాయన కూర్చోనుండాడు. పాపం, నీళ్ళల్లో నడిచొచ్చినాడు. ఆయనింట్లో కూడా ఆయన కోసరం ఎదురు సూస్తా ఉంటారు, బద్రంగా ఇంటికి సేర్చు. ఆమేన్."

ఈసారి నేను ఆమేన్ అనలేదు. బయట పెంకుల మీంచి నీళ్ళు కారడం వినిపిస్తోంది. "పెద్దమ్మా, ఆయన అంతా విన్నాడు" అన్నాను. ఆమె మొహం పాలిపోయింది. "దేవునితో కదమే నేను సెప్పింది! ఆయనకెట్ల ఇనబడింది?" అంది. ఎగతాళి కాదు, ఆమె నిజంగానే అనుకుంది. అరవై ఏళ్ళు గట్టిగా ప్రార్థన చేసిన మనిషికి అది పక్కవాళ్ళ చెవుల్లో కూడా పడుతుందని ఎప్పుడూ తోచలేదు. నా చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది. పెద్దమ్మ భయపడగా నేను చూసింది అదొక్కసారే. నా భయం కంటే అది నన్ను ఎక్కువ భయపెట్టింది.

ఆయన గుమ్మం దగ్గరికి వచ్చి నీళ్ళడిగాడు. చెంబు తీసుకెళ్ళి ఇచ్చాను. ఆయన నింపాదిగా తాగాడు. "కొట్టం యాడమ్మా?" అన్నాడు. పెద్దమ్మ లేచి, గోడ పట్టుకొని, దారికి అడ్డంగా నిలబడింది. "నన్ను తీసకపో నాయనా. దాసింది నేను. బిడ్డ ఒళ్ళు కాలిపోతా ఉండాది, వాన్ని కొట్టొద్దు."

"నేనెందుకు కొడతానమ్మా" అన్నాడాయన. "దావలో ఎవురూ కొట్టకుండా సూడమని నువ్విప్పుడే గదా పైకి సెప్పుకున్యావు. ఆయన ఇన్న్యాడో లేదో, నేనైతే ఇన్న్యాను."

తర్వాత జేబులోంచి ఫోను తీసి, పెద్దమ్మ ముందే మాట్లాడాడు. "సార్, దొరికినాడు సార్. వంక కాడ ఆఖరింట్లో అవ్వ ఉంది సార్, ఆయమ్మే కబురంపింది, మాయింట్లోకి దెబ్బ తగిలినోడొగడు వచ్చినాడు, వచ్చి ఆసుపత్రికి తీసకపొమ్మని." కబురు ఎవరూ పంపలేదు. పెద్దమ్మ నోరు తెరవబోయింది. జీవితంలో మొదటిసారి నేను ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టాను.

ఆటో వంక అవతలికి వచ్చి హారన్ కొట్టింది. అతన్ని ఒక పక్క ఆయన, ఒక పక్క నేను పట్టుకొని నీళ్ళు దాటించాం. ఇంకెవరూ లేరు కాబట్టి పట్టుకున్నాను గానీ, ధైర్యం వచ్చి కాదు. అతని చెయ్యి నా మెడ చుట్టూ ఉంది. చెయ్యంతా జ్వరంతో మండిపోతోంది. అతనూ వణుకుతున్నాడు, నేనూ వణుకుతున్నాను, మధ్యలో ఖాకీ చొక్కా ఆయన "నిదానం, నిదానం" అంటున్నాడు. ఒడ్డున పెద్దమ్మ నిలబడి, కనబడకపోయినా మా వైపే చూస్తోంది. ఆకులో చుట్టిన ముద్ద అతని చొక్కా జేబులో ముందే కుక్కేసింది.

ఆటో వెళ్ళాక ఆమె తిన్నె మీద చాలాసేపు కూర్చుంది. ఆఖరికి, "పాపం, మన కోసరం అబద్ధం ఆడినాడు కదమే. దాని పాపం ఆయన మీద పడకుండా మనమే అడగాల" అంది. మరుసటి రోజు నుంచి ప్రార్థన ఇంకొంచెం పొడుగైంది. పేరు తెలియదు కాబట్టి "మన కోసరం అబద్ధం సెప్పిన బిడ్డ" అనేది. కొన్ని వారాల పాటు వంకలో ఎవరు నడిచినా నేను కొట్టంలోకి పరుగెత్తి దాక్కున్నాను. ఎవరూ రాలేదు. ఎండాకాలంలో ఒకరోజు ఆయనే వచ్చాడు, లుంగీలో, మోటారు సైకిలు మీద. అతని కాలు తీయకుండా డాక్టర్లు కాపాడారని, కేసు నడుస్తోందని, బెయిలు మీద వాళ్ళ ఊరికి పోయాడని చెప్పాడు. గూట్లోని ముద్ద తిన్నాడు. కారం చాలిందా అని పెద్దమ్మ అడిగింది. పోతూ పోతూ, "నాకింగా ప్రార్థన సేస్తా ఉండావా అమ్మా?" అన్నాడు. "దినామూ" అంది. "నిలపొద్దు" అని చెప్పి బండెక్కాడు. అప్పుడూ పేరు చెప్పలేదు, మేమూ అడగలేదు.

పెద్దమ్మ పోయి కొన్నేళ్ళయింది. ఆ ప్రార్థన నాకు మిగిలింది. దేశం దగ్గర మొదలుపెట్టి, కప్పు కింద ఉన్నవాళ్ళ దాకా వస్తాను. గడప బయట ఎవరు నిలబడ్డారో చూడాలి కదా, అందుకని కళ్ళు మూసుకోను. ఇదంతా విని కోడలు లేచి తలుపు గడియ సరిగా పడిందో లేదో చూసి వచ్చింది, ఆమెకూ నా జబ్బు అంటుకుంటోందేమో. ఆ పొద్దున పెద్దమ్మ అడిగినవన్నీ జరిగాయి. జ్వరం దిగింది, దారిలో ఎవరూ కొట్టలేదు, తడిసిన ఆయన ఇంటికి చేరాడు, మేకలకు జలుబు చేయలేదు. నాకు భయం రవంత తగ్గించమన్న ఒక్కటి మాత్రం ఇంకా మిగిలి ఉంది, దానికి కొంచెం ఎక్కువ కాలం పట్టేలా ఉంది.